లా ఫోలియా మీద సోర్, జూలియాని గిటార్ రచనలు: తరచుగా అడిగే ప్రశ్నలు

లా ఫోలియా యూరప్‌లో వందల ఏళ్లుగా నడుస్తున్న పాత ట్యూన్, సోర్, జూలియాని దాని మీద గిటార్‌కి రచనలు చేసిన ఇద్దరు పాత గిటార్ విద్వాంసులు. ఫోలియా నేర్చుకుంటున్నానని చెప్పిన ప్రతిసారీ ఎవరో ఒకరు అడిగే ప్రశ్నలివి. కొన్ని నేర్చుకునే మొదట్లో నాకే వచ్చినవి. క్లాసికల్ గిటార్ ఇప్పుడిప్పుడే మొదలుపెట్టినవాళ్లకీ, సినిమా పాటల కార్డ్స్ బాగా వచ్చి "ఇంకేం వాయించొచ్చు" అని వెతుక్కుంటున్నవాళ్లకీ ఉపయోగపడాలని రాస్తున్నాను.

ఫోలియా అంటే పాటా, డాన్సా?

పుట్టింది డాన్స్‌గా, అదీ పోర్చుగల్‌లో. 1577లో స్పెయిన్‌లోని సాలమాంకాలో ఫ్రాన్సిస్కో దె సాలినాస్ అనే పండితుడు (ఆయనకు చూపు లేదు) తన సంగీత గ్రంథంలో దీన్ని పోర్చుగీసువాళ్లదనే రాశాడు. 1611లో వచ్చిన కోవర్రూబియాస్ స్పానిష్ నిఘంటువులో కూడా అదే మాట. చాలామంది కలిసి ఆడతారనీ, ఆ వేగం, ఆ చప్పుడు చూస్తే అందరికీ మతి పోయిందేమో అనిపిస్తుందనీ అందులో ఉంది. ఫోలియా అనే మాటకు అర్థం కూడా పిచ్చి, వెర్రి అనే. ఫ్రెంచివాళ్లు మాత్రం "స్పెయిన్ ఫోలియాలు" అనే అర్థం వచ్చేలా లె ఫోలీ దెస్పాన్య్ అని పిలిచారు, సోర్, జూలియాని రచనల మీద కూడా ఆ ఫ్రెంచి పేరే అచ్చయింది. అందుకే చాలామంది ఇది స్పెయిన్‌లో పుట్టిందనుకుంటారు.

పేరేమో పిచ్చి, వింటే ఇంత నిదానంగా, గంభీరంగా ఉందేం?

ఎందుకంటే మనం వినేది రెండో ఫోలియా. మొదటిది ఆ గోలగోల డాన్స్. పదిహేడో శతాబ్దంలో అది మెల్లమెల్లగా నెమ్మదించి, ఫ్రాన్స్ చేరేసరికి రాజదర్బారుకు తగ్గ నడక తెచ్చుకుంది. 1672లో పద్నాలుగో లూయీ ఆస్థానంలో లుల్లీ రాసిన ఓబో (ఊదే వాద్యం) ట్యూన్‌లో ఈ కొత్త రూపం స్పష్టంగా కనిపిస్తుంది. మూడు దెబ్బల లయ, కానీ బరువు మొదటి దెబ్బ మీద కాకుండా రెండోదాని మీద పడుతుంది, అక్కడ స్వరం కాస్త సాగుతుంది. ఫోలియాకు ఆ నడక వచ్చేది ఈ సాగదీత వల్లే. దీన్ని వదిలేసి ఒకటి-రెండు-మూడు అని సమానంగా కొట్టుకుంటూ పోతే థీమ్ (అసలు ట్యూన్) చప్పగా తయారవుతుంది, నోట్స్ అన్నీ సరిగ్గా పడినా సరే.

మొత్తం ట్యూన్ ఎంత ఉంటుంది?

16 బార్లు, అంతే. ఇక్కడ బార్ అంటే మూడు దెబ్బల ఒక చుట్టు. ఎనిమిది ఒక సగం, ఎనిమిది ఇంకో సగం. సోర్ వాడిన ఇ మైనర్‌లో చెప్పాలంటే మొదటి సగం కార్డ్స్ ఇవి: ఇ మైనర్, బి, ఇ మైనర్, డి, జి, డి, ఇ మైనర్, బి. బార్‌కి ఒకటి. రెండో సగం కూడా ఇలాగే నడుస్తుంది, కాకపోతే చివర్లో ఇ మైనర్, బి రెండూ ఒకే బార్‌లో సర్దుకుని ఆఖరి బార్ ఇ మైనర్ మీద దిగుతుంది.

మొదటి సగం బి మీద ఆగినప్పుడు వాక్యం మధ్యలో ఊపిరి తీసుకున్నట్టుంటుంది, రెండో సగం ఇంటికి చేరుస్తుంది. ఈ కార్డ్స్ మీకు ఇప్పటికే వచ్చుంటాయి. అయితే నాలుగు కార్డ్స్ వచ్చినంత మాత్రాన ఫోలియా వచ్చినట్టు కాదు. పైన వినిపించే మెలొడీ చాలా ఇరుకైనది, నాలుగైదు స్వరాల మధ్యే తిరుగుతుంది. అసలు బలమంతా కింద బాస్‌లో ఉంది. మూడు వందల ఏళ్లకు పైగా సంగీతకారులు పై మెలొడీని ఎన్ని రకాలుగా మార్చినా ఈ బాస్ నడకని నమ్ముకునే మార్చారు. ఈ ఒక్క సంగతి ముందే తెలిసుంటే నాకు ఏడాది కలిసొచ్చేది.

ఇది మన రాగాల్లో దేనికి దగ్గర?

ఒక్క రాగంలో కూర్చోదు, నాకు బాగా నచ్చేది కూడా అదే. ఇ స్వరాన్ని షడ్జమం అనుకోండి. బి మేజర్ కార్డ్ వచ్చినప్పుడు అందులో కాకలి నిషాదం ఉంటుంది, అంటే కీరవాణి. వెంటనే డి కార్డ్, జి కార్డ్ వస్తాయి, వాటిలో కైశికి నిషాదం, అంటే నటభైరవి. మేళకర్తల్లో 20, 21 పక్కపక్కనే ఉండే రెండు రాగాల మధ్య తేడా ఆ ఒక్క నిషాదమే కదా, ఫోలియా ఎనిమిది బార్లలో ఆ రెండు నిషాదాల మధ్యా అటూ ఇటూ నడుస్తుంది. కర్ణాటక సంగీతం నేర్చుకున్నవాళ్లకు వినగానే "ఇక్కడేదో మారింది" అని చెవికి తగిలేది అదే. రాగాలాపన పద్ధతిలో కాదు, కార్డ్ మారినందుకు స్వరం మారింది, అది మాత్రం గుర్తుంచుకోవాలి.

ఈ థీమ్ ఎవరు రాశారు?

ఎవరూ కాదు. కొరెల్లి రాశాడని కొందరు, వివాల్డి అని కొందరు అంటుంటారు. కొరెల్లి 1700లో తన ఓపస్ 5లో (ఓపస్ అంటే అచ్చయిన రచనకు ఇచ్చే నంబరు) పన్నెండో వయొలిన్ సొనాటాగా దీని మీద వేరియేషన్లు, అంటే అదే ట్యూన్‌ని రకరకాలుగా మార్చిన రూపాలు, అచ్చు వేశాడు, అది బాగా పేరు తెచ్చుకోవడంతో ట్యూన్ కూడా ఆయనదే అనుకున్నారు. 1701లో మరిన్ మరే, 1705లో వివాల్డి, 1778లో బాఖ్ కొడుకు కార్ల్ ఫిలిప్ ఎమాన్యుయెల్, 1815లో సాలియెరి (ఆయనవి ఏకంగా ఆర్కెస్ట్రాకి 26 వేరియేషన్లు), ఇలా వరస ఉంది. గిటార్‌కీ ఫోలియాకీ అంతకుముందు నుంచే చుట్టరికం. గస్పార్ సాన్స్ 1674లో వేసిన గిటార్ పుస్తకంలో ఫోలియాలు ఉన్నాయి. కాబట్టి సోర్, జూలియాని చేతికి వచ్చేటప్పటికే ఇది పాత సొత్తు, అందరి నోట్లో నానిన ట్యూన్.

"ఎక్కడో విన్నట్టుందే" అనిపిస్తోంది, నిజమేనా?

హాండెల్ డి మైనర్ సరబాండ్ (నెమ్మదైన పాత డాన్స్ ట్యూన్) విని ఉంటారు. దాని కార్డ్స్ నడక ఫోలియాకి చాలా దగ్గర చుట్టం.

సోర్ ఎవరు? ఆయన ఫోలియాలో ప్రత్యేకత ఏమిటి?

ఫెర్నాండో సోర్ 1778లో బార్సిలోనాలో పుట్టాడు. మోంట్సెరాత్ మఠంలో బాలల గాయక బృందంలో ఉండి సంగీతం నేర్చుకున్నాడు. నెపోలియన్ సైన్యాలు స్పెయిన్‌ని ఆక్రమించినప్పుడు ఫ్రెంచివాళ్ల ప్రభుత్వంలో ఉద్యోగం చేసినందువల్ల, 1813లో వాళ్లు వెళ్లిపోతుంటే ఆయన కూడా దేశం వదలాల్సి వచ్చింది. మళ్లీ తిరిగి వెళ్లలేదు. పారిస్, లండన్, మాస్కో, మళ్లీ పారిస్, అక్కడే 1839లో పోయాడు. ఈ విషయం తెలిశాక ఆయన ఫోలియా వింటే నాకు వేరేలా వినిపిస్తుంది, సొంత దేశం పేరు మోస్తున్న ట్యూన్‌ని పరాయి ఊళ్లో ఫ్రెంచి పేరుతో చదువుతున్నారు కదా అని. ఇది నా మనసుకి తోచింది మాత్రమే, ఆయన అలా చెప్పాడని కాదు.

రచన విషయానికొస్తే ఇ మైనర్‌లో ఒక థీమ్, నాలుగు వేరియేషన్లు, చివర్లో విడిగా ఒక మెనుయెట్ (మూడు దెబ్బల దర్బారు డాన్స్). చిన్నదే. సోర్ గిటార్‌ని ఒక వాద్యంలా కాదు, రెండు మూడు గొంతులు కలిసి పాడుతున్నట్టు రాస్తాడు. కార్డ్ మీద వేళ్లు పెట్టి మీటేస్తే అయిపోయే సంగీతం కాదు. ఒక గొంతు ఆగుతుంది, ఇంకొకటి సాగుతుంది, ఏ వేలు ఎప్పుడు ఎత్తాలో అనేదే అక్కడ సగం సంగీతం. బాస్ స్వరం బార్ అంతా మోగాలని రాసి ఉంటే అంతా మోగాలి, మన వీలు కోసం ముందే వదిలేస్తే పైన ఉన్న మెలొడీ కాళ్లకింద నేల లాగేసినట్టే.

నొటేషన్ వెతికితే ఓపస్ 15 అని మూడు వేర్వేరు రచనలు వస్తున్నాయి. ఏది సరైనది?

మూడూ సరైనవే, మూడూ సోర్‌వే. అప్పట్లో ఓపస్ నంబర్లు చాలాసార్లు ప్రచురణకర్తలు ఇచ్చినవి, అందువల్ల ఒకే నంబరు మూడిటికి పడింది. ఇప్పుడు వాటిని 15ఎ, 15బి, 15సి అంటున్నారు. ఫోలియా 15ఎ. 15బి సి మేజర్‌లో ఒక సొనాటా, 15సి ఇంకో థీమ్ మీద వేరియేషన్లు. పేరులో ఫోలీ దెస్పాన్య్ అని ఉందో లేదో చూసుకుంటే చాలు.

జూలియాని సంగతేమిటి?

మౌరో జూలియాని 1781లో దక్షిణ ఇటలీలోని బిషెల్యెలో పుట్టి, 1806లో వియన్నా వెళ్లి అక్కడ పెద్ద పేరు తెచ్చుకున్నాడు. బీథోవెన్ వియన్నా అది. 1819లో ఇటలీ తిరిగి వెళ్లి 1829లో నేపుల్స్‌లో పోయాడు. ఆయన ఫోలియా ఓపస్ 45, ఎ మైనర్‌లో, ఆరు వేరియేషన్లు.

సోర్ లోపలికి చూస్తాడు, జూలియాని సభకేసి చూస్తాడు. ఆయన చేతిలో గిటార్ పరిగెత్తుతుంది, కార్డ్స్‌ని విడదీసి ముత్యాల వరసలా మీటించడం ఆయనకు ఇష్టం. ఆయన ఓపస్ 1లో కుడిచేతి కోసమే 120 ఆర్పెజ్జియో అభ్యాసాలున్నాయి, మొత్తం రెండే కార్డ్స్ మీద. ఆ పుస్తకం చేసినవాళ్లకు ఓపస్ 45 చేతికి అలవాటైన దారిలా ఉంటుంది. అయితే సోర్ గొప్పా జూలియాని గొప్పా అనే వాదనలో నన్ను లాగితే నేను సోర్ వైపే నిలబడతాను, ఆయన నాలుగు వేరియేషన్లలో వృథాగా ఒక్క స్వరం లేదు. మంచి రోజున, వేళ్లు వేడెక్కి ఉన్నప్పుడు మాత్రం జూలియాని వాయిస్తే కలిగే ఆనందం వేరు.

అందరూ వేరియేషన్లే ఎందుకు రాశారు?

అప్పుడు వియన్నాలో, పారిస్‌లో గిటార్ ఇళ్లల్లో వాయించే వాద్యం. సాయంత్రం నలుగురు కూర్చుంటే వాయించుకునేవాళ్లు, నోట్స్ అచ్చు కాగితాలు కొనుక్కునేవాళ్లు. తెలిసిన ట్యూన్ పేరు పైన ఉంటే కొనేవాళ్లకు ధైర్యం. వినేవాళ్లకూ సుఖమే, థీమ్ ఎలాగూ తెలుసు కాబట్టి వాయించేవాడు దాన్ని ఏం చేస్తున్నాడా అని చెవి పెడతారు. రాసేవాళ్లు కూడా తమ పనితనం మొత్తం పది నిమిషాల లోపు చూపించగలరు.

వేరియేషన్ అంటే మన సంగతి లాంటిదేనా?

చాలావరకు అవును, తెలుగువాళ్లకు ఇంతకంటే మంచి పోలిక దొరకదు. త్యాగరాజ కీర్తనలో పల్లవి లైను మొదట సాదాగా వస్తుంది, తర్వాత ఒక్కో సంగతికీ కొంచెం కొంచెం పెరుగుతుంది, సాహిత్యం అదే, తాళం అదే. ఫోలియాలో సాహిత్యం బదులు బాస్ నడక ఉంది. తేడా ఏమిటంటే సంగతులు ఒకదానిమీద ఒకటి మెట్లలా ఎక్కుతాయి, వేరియేషన్లు ప్రతిసారీ మొదటి నుంచి మొదలై వేరే వేషంలో వస్తాయి. ఒకటి పరుగు, తర్వాతది బరువు, అలా.

కాలం కూడా ఒకటే. త్యాగరాజస్వామి 1767 నుంచి 1847, ముత్తుస్వామి దీక్షితులు 1775 నుంచి 1835, సోర్ 1778 నుంచి 1839. తిరువయ్యారులో ఒకరు సంగతులు అల్లుతున్న రోజుల్లోనే పారిస్‌లో ఇంకొకరు వేరియేషన్లు రాస్తున్నారు. దీక్షితులు అయితే పాశ్చాత్య బాణీల్ని నేరుగా తీసుకుని నోట్టుస్వరాలు కట్టారు, "సంతతం పాహిమాం" బాణీ ఇంగ్లండ్ రాజగీతానిదే. ఊరు తెలిసిన పాత ట్యూన్‌ని తీసుకుని తమ చేత్తో కొత్తది చేయడం సోర్, దీక్షితులు ఇద్దరూ చేసిన పనే.

ముందు ఏది నేర్చుకోవాలి?

స్టాఫ్ నొటేషన్ చదవడం వచ్చి, కుడిచేతి వేళ్లు విడివిడిగా మీటడం అలవాటై, ఒకటి రెండేళ్లు నిలకడగా వాయించినవాళ్లు సోర్ థీమ్ మొదలుపెట్టొచ్చు. థీమ్ ఒక్కటే. వేరియేషన్లు అంత తేలిక కాదు, మొత్తం రచన పట్టుబడటానికి ఇంకా టైమ్ పడుతుంది, అందులో తప్పేం లేదు. జూలియాని దాని తర్వాత. ఇంకా మొదట్లోనే ఉన్నవాళ్లు సాన్స్ ఫోలియాతో మొదలుపెడితే హాయి, కార్డ్స్ నడక చెవికెక్కుతుంది.

ట్యాబ్ (తీగ, ఫ్రెట్ నంబర్లతో రాసే పద్ధతి) చూసి నేర్చుకోవచ్చా అని కూడా అడుగుతారు. వేళ్లు ఎక్కడ పెట్టాలో ట్యాబ్ చెబుతుంది, ఏ గొంతు ఎంతసేపు మోగాలో సరిగ్గా చెప్పదు. సోర్ విషయంలో ఆ రెండోదే ముఖ్యం.

ప్రాక్టీస్ ఎలా చేయాలి?

నేను చేసి ఫలితం చూసిన పద్ధతి ఇది. మొదటి వారం బొటనవేలితో బాస్ ఒక్కటే. ఇ అంటే ఆరో తీగ ఖాళీగా, బి అంటే ఐదో తీగ రెండో ఫ్రెట్, డి అంటే నాలుగో తీగ ఖాళీగా, జి అంటే ఆరో తీగ మూడో ఫ్రెట్. పిల్లలు కూడా వాయించగలరు. బోర్ కొట్టినా సరే ఈ బాస్ మీ నోటికి వచ్చేదాకా, గిటార్ లేకుండా కూడా పాడగలిగేదాకా వదలొద్దు. తర్వాత పైన మెలొడీ ఒక్కటే, రెండో దెబ్బ మీద సాగదీస్తూ. ఆ తర్వాతే రెండూ కలపాలి.

ఇక్కడ అందరూ పట్టించుకోని చిక్కు ఒకటుంది. ఆరో తీగ ఇ ఖాళీగా మీటారు కదా, మీరు బి కార్డ్‌కి వెళ్లినా అది మోగుతూనే ఉంటుంది. బి మీద ఇ మోగితే మొత్తం బురదలా వినిపిస్తుంది. ఐదో తీగ మీటుతూనే బొటనవేలి పక్క భాగంతో ఆరో తీగని తాకి ఆపేయాలి. డి దగ్గర కూడా అంతే. ఎడమచేతి తప్పు అనుకుని నెలల తరబడి వేళ్లు మార్చి మార్చి చూశాను, తప్పంతా కుడి బొటనవేలిది. మీ వాయింపుని ఫోన్‌లో రికార్డు చేసి వినండి, వాయించేటప్పుడు తెలియని ఈ మోత రికార్డింగ్‌లో వెంటనే దొరుకుతుంది.

వేరియేషన్లకు వచ్చాక, వాయిస్తూ అసలు థీమ్‌ని లోలోపల పాడుకోండి. అది పాడలేకపోతున్నారంటే మీరు ఇంకా వేళ్లతోనే వాయిస్తున్నారని అర్థం, స్పీడ్ తగ్గించండి. మెట్రొనోమ్ 60 దగ్గర పెట్టి ఒక్కో దెబ్బనీ వింటూ వాయిస్తే చాలు, స్పీడ్ గురించి టెన్షన్ పడక్కర్లేదు. థీమ్‌కీ వేరియేషన్‌కీ మధ్య ఎంత ఆగాలి అని కూడా అడుగుతారు. ఒక ఊపిరి.

గోళ్లు పెంచుకోవాలా?

సోర్ గోళ్లు లేకుండా వేలి కొసలతో మీటాడు. పారిస్‌లో ఆయన స్నేహితుడు దియోనిసియో అగ్వాదో గోళ్లతో మీటేవాడు, అయినా ఇద్దరూ కలిసి వాయించారు, సోర్ "ఇద్దరు స్నేహితులు" అనే అర్థం వచ్చే పేరుతో వాళ్లిద్దరి కోసం ఓపస్ 41 రాశాడు. కాబట్టి ఇందులో పంతం అనవసరం. ఈ రోజుల్లో ఎక్కువమంది కొంచెం గోరు, కొంచెం చర్మం కలిపి మీటుతున్నారు.

నా దగ్గర స్టీల్ తీగల గిటార్ ఉంది, సరిపోతుందా?

నేర్చుకోవడానికి సరిపోతుంది, శబ్దం మాత్రం వేరుగా ఉంటుంది, మెడ సన్నగా ఉండి వేళ్లు ఒకదానికొకటి తగులుతాయి. కానీ దీనికి తిరగేసి మాత్రం ఎప్పుడూ చేయొద్దు, అంటే నైలాన్ తీగల గిటార్‌కి స్టీల్ తీగలు వేయొద్దు. నా మొదటి క్లాసికల్ గిటార్‌కి ఒక షాపులో "సౌండ్ బాగొస్తుంది" అని స్టీల్ తీగలు ఎక్కించారు, నాకూ తెలియక సరే అన్నాను. మూడో నెలకల్లా ఆ లాగుడికి బ్రిడ్జి లేచిపోయింది. ఇప్పటికీ ఆ గిటార్ గుర్తొస్తే బాధగానే ఉంటుంది.

సోర్ వాయించిన గిటార్ కూడా ఇలాగే ఉండేదా?

కొంచెం చిన్నది, నడుము సన్నం, తేలిక. అంతకుముందు ఐదు జతల తీగలుండేవి, 1800 చుట్టుపక్కల ఆరు ఒంటి తీగల గిటార్ స్థిరపడింది. పై మూడూ పేగు తీగలు, కింది మూడూ పట్టుదారం మీద లోహపు తీగ చుట్టినవి. ఇప్పుడు మనం చూసే పెద్ద శరీరం 19వ శతాబ్దం రెండో సగంలో అంతోనియో దె తోర్రెస్ పనితనం నుంచి వచ్చింది, నైలాన్ తీగలు 1940ల్లో. పాత గిటార్ మీద ఫోలియా వింటే బాస్ అంతగా గర్జించదు, గొంతులన్నీ సమానంగా వినిపిస్తాయి.

సోర్ తర్వాత దీన్ని ఎవరూ ముట్టుకోలేదా?

ముట్టుకున్నారు. స్పెయిన్ గిటార్ విద్వాంసుడు తార్రెగా శిష్యుడు మిగెల్ ల్యోబెట్ 1908లో "సోర్ థీమ్ మీద వేరియేషన్లు" రాశాడు. సోర్ వేరియేషన్లతోనే మొదలై తర్వాత తన దారిలోకి వెళ్తుంది, చాలా కష్టమైన రచన. 1929లో మెక్సికోకి చెందిన మనుయెల్ పోన్సె, స్పెయిన్ గిటార్ విద్వాంసుడు సెగోవియా కోసం 20 వేరియేషన్లు, ఒక ఫ్యూగ్ (ఒకే ట్యూన్‌ని గొంతులు ఒకదాని వెంట ఒకటి అందుకునే రచన) రాశాడు. గిటార్‌లో ఫోలియాకి అది శిఖరం అంటాను, కానీ అది వినే ముందు సోర్‌ని వినండి.

ఫోలియా కాకుండా ఇలాంటి పాత ట్యూన్ల మీద ఇంకేమున్నాయి?

సోర్ ఓపస్ 28 "మాల్‌బ్రూ" అనే ఫ్రెంచి జానపద పాట మీద, ఓపస్ 40 స్కాట్లాండ్ పాట మీద. జూలియాని ఓపస్ 125లో ఆరు ఐరిష్ ట్యూన్లున్నాయి. అగ్వాదో ఓపస్ 16 ఫండాంగో అనే స్పానిష్ డాన్స్ మీద. తార్రెగా "వెనిస్ కార్నివాల్" వేరియేషన్లు కూడా ఇదే కోవ. వీటిలో మాల్‌బ్రూ వినడానికి సరదాగా ఉంటుంది, ఇంట్లో పిల్లలు కూడా కూర్చుని వింటారు.

నొటేషన్ ఎక్కడ దొరుకుతుంది? డబ్బు కట్టాలా?

రచనల మీద కాపీరైట్ ఎప్పుడో తీరిపోయింది. ఐఎంఎస్‌ఎల్‌పీ అనే వెబ్‌సైట్‌లో సోర్, జూలియాని పాత ముద్రణలు ఉచితంగా దొరుకుతాయి. కోపెన్‌హాగెన్‌లోని డెన్మార్క్ రాజ గ్రంథాలయంలో రిషెల్, బిర్కెట్-స్మిత్ సేకరణనీ, స్టాక్‌హోమ్‌లో బొయియె సేకరణనీ స్కాన్ చేసి పెట్టారు, 19వ శతాబ్దపు గిటార్ కాగితాలకు అవి బంగారు గనులు. పాత ముద్రణల్లో వేళ్ల నంబర్లు దాదాపు ఉండవు, అక్కడక్కడా అచ్చుతప్పులు కూడా ఉంటాయి. అందుకని మొదటిసారి నేర్చుకునేవాళ్లు వేళ్ల గుర్తులున్న కొత్త ముద్రణ ఒకటి కొనుక్కుని, పక్కన పాతది పెట్టుకుని చూసుకోండి. ఆ పాత కాగితంలో సోర్ ఏ బాస్ స్వరాన్ని ఎంతసేపు పట్టుకోమన్నాడో కనిపిస్తుంది, అక్కడ రెండిటికీ తేడా వస్తే నేను పాతదాన్నే వాయిస్తాను.